పాత గేర్‌బాక్సును తుక్కుకు అమ్మకండి, మా పిల్లలకు ఇవ్వండి

మిర్యాలగూడ రైస్ మిల్లుల యజమానులకు, దామరచర్ల, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల పెద్దలకు, చౌటుప్పల్, పోలేపల్లి, కొత్తూరు, షాద్‌నగర్ కంపెనీల ప్లాంట్ హెడ్లకు, మెయింటెనెన్స్ మేనేజర్లకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా మనిషిని. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాను. 1998 నుంచి మెషిన్ల మెయింటెనెన్సే నా బతుకుదెరువు. మొదట రైస్ మిల్లు, తర్వాత సిమెంటు, ఇప్పుడు జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్ని. మీలో కొందరి ప్లాంట్లలో షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకు) వచ్చి ఉంటాను కూడా.

పోయిన నెల మా దగ్గర రెండు ఫిట్టర్ పోస్టులకు 11 మంది పిల్లలు వచ్చారు. ఇంటర్వ్యూలో పక్కన కూర్చోమని మేనేజర్ గారు నన్ను పిలిచారు. స్టోర్స్ నుంచి ఒక కొత్త బేరింగు తెచ్చి బల్ల మీద పెట్టాను. మెషిన్‌లో తిరిగే కడ్డీ (షాఫ్టు) సాఫీగా తిరగడానికి దానికి తొడిగే గోలీల చక్రం అది. దాని మీద 6308 అని ఉంది. ‘ఇది ఎంత షాఫ్టుకు పడుతుంది నాయనా?’ అని ఒక్కొక్కరినీ అడిగాను. వచ్చినవాళ్లలో 80 శాతానికి తక్కువ మార్కులున్నవాళ్లు లేరు. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆఖరున అచ్చంపేట వైపు ఒక తండా నుంచి వచ్చిన పిల్లవాడు లోపలికి వచ్చాడు. కూర్చున్నప్పటి నుంచి వాడి చూపు బేరింగు మీదే ఉంది. నేను ప్రశ్న అడగకముందే, ‘సార్, ఒక్కసారి పట్టుకోవచ్చా?’ అన్నాడు. ఇచ్చాను. అరచేతిలో పెట్టుకుని, లోపలి రింగులో బొటనవేలు ఆనించి మెల్లగా తిప్పాడు. గోలీలు చప్పుడు లేకుండా జారుతుంటే అట్లా చూస్తూనే ఉండిపోయాడు. రెండేళ్లు ఫిట్టర్ చదివినవాడు. బేరింగుల రకాలు బొమ్మలు వేసి మార్కులు తెచ్చుకున్నవాడు. కొత్త బేరింగును చేత్తో ముట్టుకోవడం ఆ రోజే మొదటిసారి అని చెప్పాడు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మీకు రాయాలనే ఉంది.

నంబరు నేర్పడం ఒక్క నిమిషం పని. చివరి రెండు అంకెలను ఐదుతో గుణిస్తే చాలు. ఎనిమిది ఐదులు నలభై, అంటే 40 మిల్లీమీటర్ల షాఫ్టు. ఆ బేరింగును ఎక్కించడం మాత్రం నిమిషంలో వచ్చేది కాదు. షాఫ్టును తుడిచి, మైక్రోమీటరుతో కొలిచి, బేరింగును నూరు నూటపది డిగ్రీల దాకా వేడి చేసి, చల్లారేలోపు ఒక్క ఊపులో షాఫ్టు మీది మెట్టు దాకా జరపాలి. కొట్టాల్సి వస్తే లోపలి రింగు మీదే కొట్టాలి. బయటి రింగు మీద సుత్తి వేస్తే ఆ దెబ్బ గోలీల గుండా పోయి, అవి దొర్లే దారిలో సొట్టలు పడతాయి. బయటికి ఏమీ కనపడదు. మెషిన్ ఆ రోజు బాగానే తిరుగుతుంది. కొద్దిరోజులకు ఏ అర్ధరాత్రో అరవడం మొదలుపెడుతుంది. గ్రీజు కూడా అంతే. ఎక్కువ పెడితే మంచిదని కొత్తవాళ్లు హౌసింగు (బేరింగు కూర్చునే గూడు) నిండా కూరుతారు. నిండా కూరిన గ్రీజు చిలికినట్టయి వేడెక్కుతుంది, ఆ వేడికే బేరింగు పోతుంది. ఖాళీలో మూడో వంతు నుంచి సగం చాలు. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. అయితే ఎంత ఊపుతో జరపాలో, ఎక్కడ ఆగాలో చేతికి తెలియాలి. చేతికి తెలియడానికి వస్తువు కావాలి.

ఐటీఐ సార్లను తప్పు పట్టడం లేదు. ఫైలింగు, హాక్సా కోత, డ్రిల్లింగు, ఒకదానిలో ఒకటి ఇమిడేలా ముక్కలు అరగదీయడం, లేత్ పని... ఇవి పునాది. ఆకురాయి పట్టి వారాల తరబడి అరగదీసినవాడికే కొలత విలువ తెలుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తోంది. కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మెషిన్లు, రోబోలు వస్తున్నాయి. రావాల్సిందే, సంతోషం. కానీ మెయింటెనెన్స్ అనే పని, మంచిగా తిరుగుతున్న కొత్త మెషిన్ ముందు నిలబడితే రాదు. ఆగిపోయిన మెషిన్ కావాలి. అరిగిన గేర్ పళ్లు, కాలిన సీలు (నూనె, నీళ్లు కారకుండా ఆపేది), వంగిన షాఫ్టు, నీళ్లు కలిసి పాలలా తెల్లబడ్డ గేర్ ఆయిలు కళ్లతో చూడాలి. అవి ఏ ఐటీఐలోనూ ఉండవు. మీ దగ్గర ఉన్నాయి. మీ షెడ్ల వెనక, ప్రహరీ గోడ పక్కన, తుమ్మచెట్ల కింద ఉన్నాయి.

నేను పని నేర్చుకున్నది అట్లాంటి చోటే. అప్రెంటిస్‌గా చేరిన మొదటి ఎనిమిది నెలలు చాయ్ తెచ్చాను, బోల్టులు గ్యాస్‌నూనెలో కడిగాను, బనియన్ వేస్టు మూటలు మోశాను. ఒక పానా చేతికిచ్చి ‘ఇది విప్పు’ అన్నవాళ్లు లేరు. అక్కడ ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. నాలుగో తరగతి దాకానే చదివాడట. ఒకరోజు నైట్ షిఫ్టులో నన్ను మోటారు దగ్గరికి తీసుకుపోయి, స్క్రూడ్రైవర్ మొనను బేరింగు హౌసింగు మీద ఆనించి, పిడిని నా చెవి దగ్గరి ఎముకకు ఆనించాడు. ‘ఇంటున్నవా పిలగా? గుయ్యిమంటే నడవనియ్యి. గరగరమంటే ఇయ్యాల్నో రేపో ఆపాలె. టిక్కు టిక్కుమని లెక్కపెట్టినట్టు కొడితే, ఎక్కడ్నో ఒక్క దగ్గర పెచ్చు లేసిందన్నట్టు’ అన్నాడు. ఇప్పుడు మా దగ్గర వైబ్రేషన్ కొలిచే మీటర్లు ఉన్నాయి. మీటరు చెప్పే మాటా, ఆయన చెప్పిన మాటా చాలాసార్లు ఒకటే అవుతున్నాయి.

ఆ మేస్త్రీయే యజమానిని అడిగి, తుక్కులో పడి ఉన్న ఒక పంపును నాకు ఇప్పించాడు. షిఫ్టు అయిపోయాక దాన్ని విప్పి, మళ్లీ బిగించమన్నాడు. మొదటిసారి విప్పడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. లోపల నీళ్లు తోసే చక్రం (ఇంపెల్లరు) నట్టుకు ఎడమ మరలు ఉన్నాయని, దాన్ని ఎదురు దిశలో విప్పాలని తెలియక దాన్ని ఇంకా బిగిస్తూ పోయాను. ఆయన పక్కనే కూర్చుని బీడీ కాలుస్తూ ఒక్క మాట అనలేదు. నాకు నేనే కనుక్కునేదాకా ఆగాడు. ఆ పంపును ఆరుసార్లు విప్పి బిగించాను. ఆరోసారి ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్ని పంపులు విప్పానో లెక్క లేదు. చేతులు మాత్రం ఇంకా ఆ పంపునే విప్పుతున్నట్టు ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. మీరు తుక్కును కిలోల లెక్కన వేలం వేసేటప్పుడు, లారీ ఎక్కించేముందు ఒక్కసారి చూడండి. ఒక గేర్‌బాక్సు, ఒక పంపు, కాలిన మోటారు ఒకటి, సరుకును పైకెత్తే ఎలివేటర్‌ది అరిగిన పుల్లీ, వాల్వులు నాలుగు పక్కకు తీసి దగ్గర్లోని ఐటీఐకి పంపండి. బాగు చేసి పంపక్కర్లేదు. ఎట్లా పాడైందో అట్లాగే పంపండి. వీలైతే మీ ఫిట్టరుతో ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాయించి కట్టండి. ఎన్నేళ్లు నడిచింది, ఏ నూనె పోసేవాళ్లు, ఎట్లా ఆగింది. పిల్లలు విప్పి, ఎందుకు ఆగిందో వాళ్లే తేల్చుకోవాలి. తేల్చాక మీ కాగితంతో సరిచూసుకోవాలి. రసాయనాలు నడిచిన మెషిన్లయితే శుభ్రంగా కడిగించి, కడిగినట్టు సర్టిఫికెట్ పెట్టి పంపండి. మందుల కంపెనీలో ఉన్నాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. తుక్కు కింద దానికి వచ్చే డబ్బు మీ లెక్కల్లో ఎంత ఉంటుందో మీకే తెలుసు.

రైస్ మిల్లుల వాళ్లను ఇంకొకటి కూడా అడగాలి. వానాకాలం వడ్లు దిగకముందు, బతుకమ్మ, దసరాకు కాస్త అటూఇటూగా, చాలా మిల్లుల్లో మెషిన్లు విప్పి ఓవరాయిలింగు చేస్తారు. యాసంగి వడ్లకు ముందు మళ్లీ కొంత పని ఉంటుంది. ఎలివేటర్ల బెల్టులు దించుతారు, బకెట్లు మారుస్తారు, జల్లెడలు విప్పుతారు, ఊక పొయ్యి బాయిలరు గొట్టాలు శుభ్రం చేయిస్తారు. ఐటీఐ రెండో ఏడాది పిల్లలకు అంతకన్నా మంచి బడి ఉండదు. పొట్టు తీసే రబ్బరు రోళ్ల (రోలర్ల) సంగతే చూడండి. రెండు రోళ్లు ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఇంకోటి నెమ్మదిగా. ఆ తేడా వల్లే వడ్ల పొట్టు ఊడుతుంది. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. అది గమనించి రోళ్లను అటుదిటు మార్చకపోతే నూకలు పెరుగుతాయి. వేగం, పుల్లీ సైజు, అరుగుదల, సరుకు నాణ్యత అన్నీ ఒకే చోట కనపడే ఇట్లాంటి పాఠం మిర్యాలగూడలో వీధికొకటి ఉంది. పట్టణంలో ఇన్ని మిల్లులు పెట్టుకుని మన పిల్లలు దాన్ని చార్టు మీద చూడాల్సిన పని లేదు. మిల్లుకు నలుగురు చొప్పున, వారం రోజులు తీసుకోండి చాలు.

సిమెంటు వాళ్ల కిల్న్ (తిరిగే బట్టీ) షట్‌డౌన్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. లోపల సరుకు 1,400 డిగ్రీలు దాటి కాగే గొట్టం అది. కరెంటు పోతే వెంటనే చిన్న ఇంజనుతోనైనా మెల్లగా తిప్పుతూ ఉండాలి. ఆపి వదిలేస్తే తన బరువుకు తానే వంగిపోతుంది. ఆ వంకర తీయడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. అట్లాంటి చోటికి పిల్లల్ని దూరం నుంచైనా తీసుకుపోయి, సపోర్టు రోలర్లు ఎట్లా తిరుగుతున్నాయో, కిల్న్ చుట్టూ ఉండే ఇనుప టైరు మీద గీతలు ఎందుకు పడ్డాయో చూపించమని అడుగుతున్నాను. చేత్తో పని చేయించమనడం లేదు.

మీకు వెంటనే వచ్చే అనుమానం నాకు తెలుసు. ఏదైనా జరిగితే ఎవరిది బాధ్యత? న్యాయమైన ప్రశ్న. అదే కారణంతో పిల్లల్ని గేటు బయటే ఆపితే, రేపు ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆ మెషిన్ దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల చేతులకు ఎవరు బాధ్యులు?

2001లో నేను పని చేసిన ఒక మిల్లులో నాతోపాటు చేరిన స్నేహితుడు ఎలివేటర్ పైన వీ-బెల్టు మారుస్తున్నాడు. స్విచ్ నేనే ఆపి, కిందికి నీళ్లు తాగడానికి పోయాను. షిఫ్టు మారింది. కొత్తగా వచ్చిన ఆపరేటర్ ఎలివేటర్ ఎందుకు ఆగిందో తెలియక బటన్ నొక్కాడు. బెల్టుకూ పుల్లీకీ మధ్య నా స్నేహితుడి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. ఆ రోజు ప్యానెల్‌కు ఒక తాళంకప్ప వేసి, తాళంచెవి వాడి జేబులో ఉంటే అది జరిగేది కాదు. తాళం వేయాలని మాకు ఎవరూ చెప్పలేదు. మాకన్నా ముందు వచ్చినవాళ్లకూ ఎవరూ చెప్పి ఉండరు. వాడు ఇప్పుడు ఊళ్లో కిరాణా కొట్టు నడుపుకుంటున్నాడు. కనపడినప్పుడల్లా ఎడమచేతితోనే చాయ్ గ్లాసు ఇస్తాడు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ ఏమన్నదో నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. తిరుగుతున్న మెషిన్ దగ్గర పని చేయాల్సి వస్తే, ప్రత్యేకంగా శిక్షణ పొందినవాడే, ఒంటికి బిగుతుగా ఉన్న బట్టలతో, పేరు రిజిస్టరులో ఎక్కించాకే చేయాలన్నది. మనం ఎక్కడెక్కడ ఎవర్ని ఏ బట్టలతో, మెడలో తువ్వాలతో పంపించామో గుర్తు చేసుకుంటే నాకిప్పటికీ గుండె దడదడలాడుతుంది.

కాబట్టి పిల్లలకు ఇచ్చే మొదటి పరికరం తాళంకప్ప కావాలి. పానా తర్వాత. ఎవరి తాళం వాళ్లదే, తాళంచెవి వాళ్ల జేబులోనే, ట్యాగు మీద వాళ్ల పేరు. వేసిన తాళం వేసినవాళ్లే తీయాలి. తాళం వేశాక కూడా స్టార్ట్ బటన్ నొక్కి, నిజంగా తిరగడం లేదని చూసుకోవాలి. ఒక్క పూటలో నేర్పగలిగే అలవాటు ఇది. షట్‌డౌన్‌కు వచ్చే ప్రతి పిల్లవాడికీ, ప్రతి ఆడపిల్లకీ మొదటిరోజు ఇదొక్కటే నేర్పి పంపినా నాకు చాలు.

ఆడపిల్ల అంటే గుర్తొచ్చింది. దేవరకొండ వైపు నుంచి ఒకమ్మాయి ఫిట్టర్ చదివి మా దగ్గరికి వచ్చింది. సన్నటి తేడాలు కొలిచే డయల్ గేజి పట్టి, మోటారునూ పంపునూ కలిపే కప్లింగు సరిచేయడంలో ఆ అమ్మాయిది నా కన్నా నిదానమైన చెయ్యి. తలవెంట్రుక మందం తేడా కూడా వదలదు. మోటారు కాలు కింద షిమ్ (పలుచని రేకు) పెట్టి, బిగించి, మళ్లీ కొలిచి, మళ్లీ తీసి పెడుతుంది. అంతకు ముందు రెండుచోట్ల ‘మెయింటెనెన్సులో లేడీస్‌ను తీసుకోం’ అని వెనక్కి పంపారట. దయచేసి ఆ మాట మానుకోండి.

ఇక అప్రెంటిస్‌ల విషయం. 1961 నాటి చట్టం ఉంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ కాంట్రాక్టు వాళ్లను కూడా కలిపి లెక్కేసి, 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2016లో వచ్చిన పథకం కింద స్టైపెండులో కొంత వాటా కేంద్రం భరిస్తుంది. ఇవి మీ హెచ్‌ఆర్ వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. నా బాధ సంఖ్య గురించి కాదు. తీసుకున్న పిల్లవాడిని ఎక్కడ నిలబెడుతున్నామన్నది నా బాధ. ఏడాది పొడవునా ప్యాకింగులో నిలబెట్టి, చివర్లో మెయింటెనెన్స్ అప్రెంటిస్ అని సర్టిఫికెట్ ఇస్తే, ఆ పిల్లవాడి జీవితంలో ఒక ఏడాది మనం తీసుకున్నట్టే. వాడిని ఒక మంచి ఫిట్టరుకు అప్పగించండి. ఆ ఫిట్టరుకు నేర్పడానికి టైమివ్వండి. బ్రేక్‌డౌన్ అటెండ్ చేస్తూ, పైనుంచి ఫోన్ మోగుతూ, ఎంతసేపట్లో లేస్తుందని టెన్షన్ పెడుతుంటే ఏ మనిషీ నేర్పలేడు. వారానికి రెండు గంటలు నేర్పడానికేనని డ్యూటీ చార్టులో రాయండి. నేర్పినవాడికి నెలకు ఎంతో కొంత అలవెన్సు ఇవ్వండి. నేర్పితే తన పని పోతుందన్న భయం మా మేస్త్రీలలో ఉంది, కాదనను. పెద్దవాళ్లు గుట్టు దాచుకునేది దుర్మార్గంతో కాదు. ఇన్నేళ్ల అనుభవానికి వాళ్ల దగ్గర ఇంకే కాగితమూ లేదు కాబట్టి. వాళ్లకు భరోసా మీరే ఇవ్వాలి.

‘నేర్పితే వెళ్లిపోతారు’ అనే మాట మీ దగ్గర చాలాసార్లు విన్నాను. వెళ్తారు. నేనూ మూడు చోట్లకు వెళ్లాను. కానీ మిర్యాలగూడలో నేర్చుకున్నవాడు దామరచర్ల వెళ్తాడు, దామరచర్లలో నేర్చుకున్నవాడు జడ్చర్ల వస్తాడు. మీరందరూ నేర్పితే మీ అందరికీ దొరుకుతారు. ఎవరూ నేర్పకపోతే, ఇప్పుడు జరుగుతున్నట్టు షట్‌డౌన్ వచ్చిన ప్రతిసారీ వేరే రాష్ట్రాల నుంచి గ్యాంగులను రప్పించుకోవాలి. ఆ అన్నలతో భుజం భుజం కలిపి పని చేశాను, వాళ్ల మీద నాకు గౌరవమే. వాళ్లకు ఎక్కడో ఎవరో నేర్పారు. మన పిల్లలకు మనం నేర్పలేదు, అంతే.

పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి బొంబాయికి, పుణెకు మట్టిపనికి, సిమెంటు పనికి పోయిన బస్సులను చూసిన తరం మాది. దేశమంతా డ్యాములకు, కాలువలకు మట్టి మోసిన జిల్లా అది. ఇప్పుడు ఆ ఉమ్మడి జిల్లాలోనే, కొల్లాపూర్ దగ్గర, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు ఒక్కొక్కటి 145 మెగావాట్ల పంపులు పెట్టారు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం వచ్చింది. ఇంకో ముప్పై ఏళ్లు వీటి బేరింగులు ఎవరో మార్చాలి, సీళ్లు ఎవరో వేయాలి, అలైన్‌మెంట్లు ఎవరో చూడాలి. ఆ పంపుహౌసుకు మట్టి మోసిన తల్లి కొడుకు అందులో టెక్నీషియన్‌గా డ్యూటీ ఎక్కాలని నా కోరిక. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా కాదు.

ఒక చిన్న విన్నపం కూడా చేర్చుతున్నాను. మెషిన్ల మాన్యువల్స్ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. మొత్తం తెలుగులోకి మార్చమనను. లూబ్రికేషన్ చార్టు, తాళం వేసే పద్ధతి, స్టార్ట్ చేసేముందు చూసుకోవాల్సినవి, ఈ మూడూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి మెషిన్ పక్కనే పెట్టండి. మా దగ్గర పెట్టించాం. అంతకుముందు అడగడానికి మొహమాటపడిన హెల్పర్లే, ఇప్పుడు ‘సార్, ఈ పాయింటుకు గ్రీజు పెట్టి నెల దాటింది’ అని వచ్చి గుర్తు చేస్తున్నారు.

మా స్టోర్స్ వెనక 15 హెచ్‌పీ పంపు సెట్టు ఒకటి తుప్పు పడుతోంది. దాని మెకానికల్ సీలు పోయింది, కప్లింగు రబ్బర్లు అరిగిపోయాయి, కేసింగు మాత్రం బాగుంది. వచ్చే వేలం జాబితాలో దాని పేరు ఉంది. దాన్ని ఐటీఐకి ఇవ్వమని మా మేనేజ్‌మెంటుకు దరఖాస్తు పెట్టాను. ఇస్తే ఆటో ట్రాలీ కిరాయి నాది, ఆదివారాలు నావి. విప్పడానికి పుల్లరు, బిగించడానికి డయల్ గేజి నేనే తెస్తాను. ఆ అచ్చంపేట పిల్లవాడికి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, కానీ వస్తానన్నాడు. మీలో ఎవరి షెడ్డు వెనకైనా ఇట్లాంటిది ఒకటి ఉంటే, వేలం తేదీకి ముందే మీకు దగ్గర్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌కు ఒక్క ఫోన్ చేయండి.

ఇట్లు,
ఒక మెయింటెనెన్స్ ఫిట్టర్,
జడ్చర్ల